బొటనవేలు మడిచిన పిడికిలి

బోడిగుట్టపల్లి, కుందుర్పి మండలం
జూలై మొదటి వారం

ఎలిజబెత్ వదినకు కృప వందనాలు.

మేము ముగ్గురం బాగున్నామని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నిజానికి అలసిపోయి ఉన్నాం, అంతే. నువ్వు ఎట్లున్నావు?

ఫోన్ చేయకుండా ఈ జాబులేమిటని అనుకుంటావు. ఇంట్లో మొదటి కోత పడింది నా ఫోనుకే. రీచార్జికి పోసే దుడ్లతో నెల కందిపప్పు వస్తుంది. ఉన్న ఒక్క ఫోను మీ తమ్ముడి జేబులో ఉండి ఆయనతోనే పనికి పోతుంది. జాకబ్ పాస్టరుగారు ఆదివారం ఇక్కడ ఆరాధన చేసి సోమవారం మీ కళ్యాణదుర్గం వస్తారు కదా. ఆయన సంచిలో వేస్తే స్టాంపు ఖర్చు కూడా లేదు.

సంగతి చెబుతాను. చెనక్కాయ విత్తనం వేసిన రోజే మీ తమ్ముడు గట్టు మీద కూర్చుని, "ఏమే కృపా, దీపావళి అయినాక బెంగుళూరికి పోదాం. మేస్త్రి ఓబుళేసుతో మాట్లాడినా. ముగ్గురికీ చోటు ఉండాది" అన్నాడు. ఇంకా మొలకే రాలేదు వదినా, పంట పోయిందని తీర్మానం చేసేసినాడు. ఆయన్ని అనడానికి లేదు. ఏటేటా జరుగుతున్నది అదే. కానీ ఈ ఏడు సువార్తకు పదో తరగతి. మార్చిలో పరీక్షలు. దీపావళికి బస్సెక్కితే పరీక్ష ఎవరు రాస్తారు? వయసొచ్చిన పిల్లను ఒంటరిగా ఇంట్లో వదిలి పోలేం. నేను తొమ్మిదిలో ఉండగా మా నాయన ఇట్లే బస్సెక్కించినాడు, "వచ్చినాక చదువుకుందువులే" అని. ఆ వచ్చినాక అనేది ఇంతవరకు రాలేదు.

అందుకని మీ తమ్ముడితో ఒప్పందం పెట్టుకున్నాను. మార్చి దాకా ఇల్లు ఇక్కడే గడిచేటట్టు నేను చేసి చూపిస్తే ఈ ఏడు బెంగుళూరు లేదు. చూపించలేకపోతే నోరు మూసుకుని మూట కట్టాలి. నువ్వు హాస్టల్లో అంతమంది పిల్లలకు వండుతావు, గింజ వృథా కానీయవని పేరు. అన్న పోయినాక ఒక్కదానివే ఇల్లు నెట్టుకొస్తున్నావు. ఖర్చు ఎక్కడెక్కడ తగ్గించాలో రాయి. తిట్టినా పర్వాలేదు.

కృప


కళ్యాణదుర్గం
జూలై ఆఖరు

కృపా,

తిట్టినా పర్వాలేదన్నావు కాబట్టి తిట్లతోనే మొదలుపెడతాను. పోయిన క్రిస్మస్‌కు వచ్చినప్పుడు నీ వంట చూసినాను. పప్పు నానబెట్టేది లేదు. ఎసట్లో పోసి, అది ఉడికేదాకా గ్యాసు మండిస్తూ పక్కింటి నల్లమ్మతో ముచ్చట్లు. నీ మాటలు అయిపోయేసరికి సిలిండరు అయిపోతుంది. ఇకమీదట పొద్దున పొలానికి పోయేముందే పప్పు నానబెట్టు. అన్నం మూడొంతులు ఉడకగానే పొయ్యి ఆపి, గిన్నెకు మూత బిగించి, పాత దుప్పటి చుట్టి, చెనక్కాయ పొట్టు పోసిన గంపలో పెట్టు. మిగతాది దాని వేడికి అదే ఉడుకుతుంది. స్నానానికి నీళ్ళు గ్యాసు మీద కాస్తే నువ్వు నాకు మరదలివే కాదు. పెరట్లో కంది కట్టె అంత ఉంది, దేనికి దాచినావు, పెళ్ళిలో పంచడానికా?

సబ్బు తెచ్చిన రోజే వాడొద్దు. ముక్కలు కోసి వారం పాటు ఎండలో పెట్టు. గట్టిపడితే తొందరగా అరగదు. నూనె అంగట్లో కొనొద్దు. ఇంట్లో ఉన్న కాయలు వలిచి గానుగకు ఇచ్చి ఆడించుకో. గానుగలో మిగిలిన చెక్క నల్లమ్మ గేదెకు పెడితే నీకు మజ్జిగ పోస్తుంది. సంతకు పొద్దున పోవద్దు, మూటలు కట్టుకునే వేళకు పో. ఆ వేళకు టమోటా అమ్మేవాడికి బరువు, నీకు కూర. ఉలవలు ఉడికిన నీళ్ళు పారబోసే అలవాటు నీకుంది, నేను చూసినాను. ఆ నీళ్ళు చారుకు, గుగ్గిళ్ళు సాయంత్రానికి. సువార్త పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్ల కాగితాలు తీసి దారంతో కుట్టు, లెక్కలు చేసుకోవడానికి సరిపోతాయి.

ఇవన్నీ ఒక ఎత్తు. ఖాతా మీద సరుకు తేవడం మానడం ఒక ఎత్తు. చేతిలో ఉన్నప్పుడే కొను, లేనప్పుడు లేదనుకో. పిండి కొద్దీ రొట్టె అని మా అమ్మ అనేది. నీ అత్తే కదా, నీకూ చెప్పే ఉంటుంది, నువ్వు వినలేదు.

ఎక్కడైనా కొయ్యి గానీ పిల్ల కంచంలో మాత్రం కొయ్యొద్దు. చదివే పిల్ల.

నా ఫోను నీళ్ళ తొట్టిలో పడి పాడైంది. జాబులే నయం. హాస్టల్లో పని తెమలడం లేదు, అందుకే పొడుగ్గా రాయలేకపోయినాను.

ఎలిజబెత్


బోడిగుట్టపల్లి
ఆగస్టు ఆఖరు

వదినా,

పొడుగ్గా రాయలేకపోతేనే ఇన్ని తిట్లు! తీరిక ఉంటే ఏమయ్యేదాన్నో.

అన్నీ చేస్తున్నాను. గంపలో పెట్టిన అన్నం మొదటిరోజు జావైపోయింది. మీ తమ్ముడు కంచం ముందు కూర్చుని "ఏమప్పా ఇది, తినాల్నా తాగాల్నా?" అని అడిగినాడు. తర్వాత కొలత కుదిరింది. సిలిండరు రోజూ ఎత్తి చూస్తున్నాను, ఇంకా బరువుగానే ఉంది. కలుపు తీసేచోట నల్లమ్మ "చదవమే, మీ వదిన ఏం తిట్టిందో విందాం" అని వెంటపడితే నీ జాబు గట్టిగా చదివినాను. ఇప్పుడు మా సంఘంలో ఆడవాళ్ళందరి సబ్బులూ ప్రహరీల మీద ఎండుతున్నాయి. మా ఇంటి ముక్క ఒకటి కాకి ఎత్తుకుపోయింది. ఆ నష్టం నీదే.

మొలక బాగానే వచ్చింది. ఆ తర్వాత చినుకు లేదు. మేఘాలు మా నెత్తి మీద నుంచే కర్ణాటకకు పోతుంటే తలెత్తి చూస్తున్నాం. మీ తమ్ముడు రాత్రి బయట మంచమేసుకుని ఆకాశం చూస్తాడు, పొద్దున లేచి కూలికి పోతాడు.

ఒక్కోసారి విసుగొస్తుంది వదినా. రూపాయి మిగల్చడం కూలి పని కంటే కష్టంగా ఉంది. కూలికి పొద్దుగూకితే సెలవు. దీనికి సెలవు లేదు. పోపులో చెంచాడు నూనె పోసేటప్పుడు కూడా చెయ్యి వెనక్కి లాగుతుంది. సువార్త మొన్న ఇంకొంచెం పచ్చడి వేయమంటే నేను ముందు గిన్నెలోకి చూసి తర్వాత దాని మొహం చూసినాను. అది గమనించింది. "వద్దులేమ్మా" అనింది. ఆ రోజంతా నా మీద నాకే కోపం.

ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సు ఊరికే కదా. ఆధార్ కార్డు పట్టుకుని ఒక ఆదివారం రారాదా? నీ చేతి ఊరిబిండి తిని ఎన్ని నెలలైందో. చెనక్కాయలూ మిరపకాయలూ మావే, నూరే చెయ్యి ఒక్కటే నీది.

కృప


కళ్యాణదుర్గం
సెప్టెంబరు

కృపా,

రాలేను. హాస్టల్లో సెలవు ఇవ్వరు. వంట మనిషి ఒక్కపూట లేకపోతే అంతమంది పిల్లలు ఏం తింటారు? బస్సు ఊరికే అని తిరగడం మొదలుపెడితే పనులు ఎవరు చేస్తారు?

నువ్వు అడిగినావు కాబట్టి ఇంకొన్ని రాస్తాను. రాత్రికి పొయ్యి ముట్టించాల్సిన పని లేదు. పొద్దున కెలికిన సంగటి ముద్ద ఒకటి నీళ్ళలో వేసి ఉంచితే రాత్రికి చల్లగా ఉంటుంది. ఉప్పు వేసుకుని ఎర్రగడ్డ నంజుకుంటే చాలు. ఎర్రగడ్డ సగం చాలు, మిగతా సగం మరుసటి రోజుకు. చింతపండు పులుసు తీసినాక పిప్పి పారేయొద్దు. ఉప్పూ కారం వేసి నూరితే పచ్చడే. ముద్దలో గురుగాకు కలిపి కెలికితే పిండి తక్కువ పడుతుంది, గిన్నె నిండుగా కనిపిస్తుంది. గురుగాకు కాలవ గట్టున ఊరికే దొరుకుతుంది. పొద్దు వాలగానే పడుకుంటే దీపం ఖర్చూ ఉండదు, ఆకలీ తెలియదు.

ఇవి పెద్దవాళ్ళకు. పిల్లకు కాదు. ముందే చెప్పినాను.

కాకి ఎత్తుకుపోయిన సబ్బుకు నేను జవాబుదారీ కాదు. ఎండబెట్టమన్నాను గానీ కాపలా లేకుండా పెట్టమన్నానా?

ఎలిజబెత్


బోడిగుట్టపల్లి
సెప్టెంబరు ఆఖరు

వదినకు,

ఈసారి నేను నీకు ఒక ఉపాయం చెబుతాను. నువ్వు మెచ్చుకుని తీరాలి.

మనం వండే ప్రతిసారీ దేవుని భాగంగా పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేసి, ఆదివారం చర్చిలో మూటలో పోస్తాం కదా. నాకు పెళ్ళయి వచ్చిన రోజే మీ అమ్మ నేర్పింది. దాన్ని మానడానికి మనసొప్పలేదు. కానీ మొన్న బియ్యం కడుగుతూ చేతిని చూసుకున్నాను. బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి పట్టు వదినా. బయటికి పిడికిలి నిండుగానే ఉంటుంది. లోపల పట్టేది సగం! మనం మొక్కింది పిడికెడు. బొటనవేలు బయటుండాలని ఎవరు చెప్పినారు?

నల్లమ్మకు చూపిస్తే నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది. "దేవుడు వేళ్ళు లెక్కబెడతాడా ఏమే, లెక్కబెట్టింటే మనకే ఇన్ని కష్టాలు ఎందుకుంటాయి!" అనింది. ఇప్పుడు సంఘంలో చాలామంది బొటనవేళ్ళు లోపలికి పోయినాయి. నీ సబ్బుల కంటే నా బొటనవేలుకే పేరొచ్చింది.

చెనక్కాయ చెట్టు ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టే వేళకు భూమి గట్టిపడిపోయింది. ఊడ మట్టిలోకి దూరలేక పైనే ఎండుతోంది. మీ తమ్ముడు ఒక చెట్టు పీకి తెచ్చి నా ముందు పడేసినాడు. మార్చి దాకా అనే మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. సువార్త ఒక్కటే క్యాలెండరు చూస్తుంది.

కృప


కళ్యాణదుర్గం
అక్టోబరు

కృపా,

జాబు అందింది. బొటనవేలు సంగతి చదివినాను. మంచి ఉపాయమే.

ఎవరింటి పిడికిలి వాళ్ళది. ఇంకొకరు చెప్పేది కాదు.

చెప్పాల్సినవన్నీ చెప్పినాను. నా దగ్గర ఇంకేం లేవు. సువార్తను బాగా చదువుకోమను.

ఎలిజబెత్


బోడిగుట్టపల్లి
అక్టోబరు ఆఖరు

వదినా,

నా మీద కోపమా? నీ తిట్లు లేని జాబు చదివితే ఎవరో ముక్కూ మొహం తెలియనామె రాసినట్టుంది. ఏం తప్పు చేసినానో చెప్పు.

దీపావళి పోయింది, మేమింకా ఇక్కడే ఉన్నాం. గెలిచినట్టు అనిపించాలి కదా, అనిపించడం లేదు. చెట్లు పీకినాం. చెట్టుకు రెండు మూడు కాయలు, అందులోనూ తాలు. విత్తనానికి తెచ్చిన అప్పు తీర్చడానికే చాలవు.

ఇంకో సంగతి. ఆదివారం జాకబ్ పాస్టరుగారు ప్రసంగం అయిపోయినాక మూట ఎత్తి చూపించినారు. "అమ్మా, ఒకప్పుడు ఇది నా బండి మీద నిలబడేది కాదు. ఇప్పుడు సగం ఖాళీ. నేను అడగడం లేదు, మీ ఇళ్ళలో ఏముందో నాకు తెలుసు. కానీ ఇది నా ఇంటికి పోయేది కాదు. కళ్యాణదుర్గంలో దిక్కులేని నలుగురు ఆడవాళ్ళు సోమవారం నా బండి చప్పుడు కోసం చూస్తుంటారు" అన్నారు. మేమెవరమూ తలెత్తలేదు. నల్లమ్మ చెయ్యి కొంగులో దాచుకుంది.

ఆ మూట పాస్టరమ్మ వండుకుంటుందనే అనుకున్నాం ఇన్నాళ్ళూ. సాయంత్రమే నా వేలు బయటికి తీసినాను. మిగతావాళ్ళకూ చెప్పినాను. నీ ఊరే కదా, ఆ ఆడవాళ్ళెవరో నీకు తెలిసే ఉంటుంది. హాస్టల్లో మిగిలిన అన్నం ఏమన్నా ఉంటే వాళ్ళకు పెట్టు వదినా. నా పాపం కాస్త తగ్గుతుంది.

కృప


కళ్యాణదుర్గం, నీ గడప దగ్గర
నవంబరు

వదినా,

నీ తలుపుకు తాళం ఉంది. నీ అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. కాగితం పక్కింటి సిద్దమ్మను అడిగి తీసుకున్నాను.

నువ్వు జవాబు రాయలేదు. మనసు ఆగక కొన్ని కాయలు మూటగట్టుకుని బస్సెక్కినాను. ముందు హాస్టలుకు పోయినాను. గేటుకు తుప్పు పట్టిన గొలుసు. ఎదురుగా టీకొట్టాయన, "ఎండాకాలమే మూసేసినారమ్మా. వంటోళ్ళందరినీ పంపించేసినారు" అన్నాడు. ఎండాకాలం. అంటే నా మొదటి జాబు నీకు అందేసరికే నీకు పని లేదు. హాస్టల్లో పని తెమలడం లేదని రాసినావు నాకు.

సిద్దమ్మ అన్నీ చెప్పింది. ఆమె మీద కోప్పడొద్దు, నేనే వదల్లేదు. "కాయలు వలిచే పని దొరికితే పోతాది, లేకపోతే లేదు. సోమవారం పాస్టరయ్య ఇచ్చే బియ్యంతోనే గడుపుతాండాది. యీ మధ్య అదీ సగమైందంట. ఒకపూటే తింటాది. అడిగితే నాకు ఆకలి లేదక్కా అంటాది" అనింది. నీ పేరు మీద బియ్యం కార్డు ఎందుకు లేదంటే, నీ పేరు ఇంకా మీ అత్తగారి ఊరి కార్డులోనే ఉంది, అది మీ మరుదులు వాడుకుంటున్నారు అని చెప్పింది. ఇది కూడా మాకు చెప్పలేదు నువ్వు.

సగం ఎర్రగడ్డ. పులుసు పిప్పి. పొద్దు వాలగానే పడుకుంటే ఆకలి తెలియదు. అవన్నీ నాకు ఉపాయాలు చెబుతున్నావనుకున్నాను. నువ్వెట్లా బతుకుతున్నావో రాసి పంపుతున్నావు. నేను వాటిని కలుపు దగ్గర నవ్వుతూ చదివి వినిపించినాను.

నేను మడిచిన వేలు నీ కంచంలోకే పోయింది వదినా. పైగా మెచ్చుకుని తీరాలని రాసినాను. నువ్వు మెచ్చుకున్నావు.

నువ్వు వచ్చేదాకా ఉందామనుకున్నాను. ఆఖరి బస్సు పోతే, మీ తమ్ముడు పని నుంచి వచ్చేదాకా సువార్త ఇంట్లో ఒక్కతే. కాయలు సిద్దమ్మ దగ్గర పెట్టినాను. ఈ కాగితం తలుపు కింద తోస్తున్నాను. నాకు సిగ్గుగా ఉంది. అంతకంటే నీ మీద కోపంగా ఉంది.

కృప


కళ్యాణదుర్గం
నవంబరు

కృపా,

చెప్పకుండా నా తలుపు దగ్గరికి ఎందుకు వచ్చినావు? నా సంగతులు పక్కింట్లో అడగడానికి నీకు ఎవరు చెప్పినారు? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నేను నోరు మూసుకుని ఉంటే, నువ్వొచ్చి వీధిలో చించినావు.

ఏమని చెప్పమంటావు? నీ మొదటి జాబు పాస్టరుగారు ఇచ్చినప్పుడు సాయం అడగాలని నేనే రాయబోతున్నాను. తమ్ముడు కాకపోతే ఇంకెవరున్నారు నాకు? విప్పి చదివితే నువ్వు మార్చి దాకా అని ఒప్పందం పెట్టుకుని కూర్చున్నావు. నాకొక ముద్ద పెట్టాలంటే అది సువార్త కంచంలోంచే రావాలి. మా తమ్ముడు చంద్రకు నా సంగతి తెలిస్తే మరుసటి రోజే పిల్లనూ తీసుకుని బస్సెక్కేస్తాడు, నాకు దుడ్లు పంపడానికి. నాకు తెలుసు వాడి సంగతి. అందుకే పనిలో ఉన్నట్టే రాసినాను. తిట్టినంతసేపూ నేను మునుపటి మనిషినే అనిపించేది. ఆ జాబులు రాసే రోజుల్లో నాకు కాస్త బాగుండేది.

బొటనవేలు గురించి కూడా విను. వేలు తియ్యి, దేవునిది తగ్గించొద్దు అని రాయడానికే కూర్చున్నాను. అట్లా రాస్తే అది దేవుని కోసమా, నా కడుపు కోసమా అని నాకే అర్థం కాలేదు. రాసినది చించేసినాను. ఆ బియ్యంలో నీ ఇంటి గింజలు ఉంటాయని మొదటి సోమవారం నుంచీ నాకు తెలుసు. పాస్టరుగారి చేత ఒట్టు వేయించుకున్నాను, మీకు చెప్పొద్దని. మూటలోంచి ఒక చేరెడు తగ్గితే అది నీ ఇంట్లో మిగిలింది కదా, పిల్ల తింటుంది కదా అనుకున్నాను. అనుకున్నా ఆకలి వేసింది. అది కూడా రాస్తున్నాను, ఇప్పుడు దాచి ఏం లాభం.

కాయలు అందినాయి. ఇంకేం పంపొద్దు. నా మీద జాలి పడొద్దు, అది నాకు అరగదు.

ఎలిజబెత్


బోడిగుట్టపల్లి
డిసెంబరు మొదటి వారం

వదినా,

జాలి పడే ఓపిక నాకు లేదు. నేను ఓడిపోయినాను, అది రాయడానికే కూర్చున్నాను.

కాయలు అమ్మితే వచ్చినవి అప్పుకే పోయినాయి. కూలి పనులు ఆగిపోయినాయి. నువ్వు చెప్పినవన్నీ చేసినాను, ఒక్కటీ వదల్లేదు. గ్యాసు మిగిలింది, సబ్బు మిగిలింది, నూనె మిగిలింది. చేతికి ఏమీ రానప్పుడు మిగల్చడానికి ఏం ఉంటుంది? ఓబుళేసు నిన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఇంగ నాలుగు రోజులు ఆగుతా, ఆ పైన నా చేతుల్లో లేదు" అన్నాడు. మీ తమ్ముడు నా వైపు చూసినాడు. నేను పోదామన్నాను. నా నోటితోనే అన్నాను.

సువార్త లోపల పుస్తకం ముందు పెట్టుకుని ఉంది. ఏడవలేదు. పుస్తకాలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది, బెంగుళూరులో చదువుకోవచ్చని. నేనూ అట్లే సర్దుకున్నాను వదినా ఒకప్పుడు. ఆ సంచి చూసి తట్టుకోలేకపోయినాను.

అందుకని అడుగుతున్నాను. నువ్వు మా ఇంటికి రా. మేమిద్దరం పోతాం, పిల్ల నీ దగ్గర ఉంటుంది. నీ గదికి బాడుగ కడుతున్నావు, అదొక ఖర్చు. అక్కడొక పొయ్యి, ఇక్కడొక పొయ్యి, అదొక ఖర్చు. ఇన్ని ఉపాయాలు రాసినావు, ఒకే ఇంట్లో ఉండటం అనేది మాత్రం ఎందుకు రాయలేదు? మాకు బియ్యం కార్డు ఉంది, మేం లేకపోతే ఆ బియ్యం మీ ఇద్దరికీ సరిపోతుంది. మేము అక్కడి నుంచి ఇంకాస్త పంపుతాం.

ఊళ్ళో ఎవరో మీ తమ్ముడితో అన్నారంట, "తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు ఉండాదప్పా నీ పని" అని. మీ తమ్ముడు, "డోలు గాదప్పా, మా యక్క. ఆమె వస్తేనే నా బిడ్డ చదువుతాది" అన్నాడు. ఆయన అంత మాట్లాడటం నేను ఈ మధ్య వినలేదు.

నేను నిన్ను పోషిస్తానని అనడం లేదు. నువ్వు రాకపోతే సువార్త పరీక్ష రాయదు. అంతే సంగతి. ఓబుళేసు నాలుగు రోజులే ఆగుతాడు, అందుకే పాస్టరుగారి కోసం ఆగకుండా ఈ జాబు బస్సు కండక్టరు చేతికిస్తున్నాను, జవాబూ అతనికే ఇవ్వు.

కృప


కళ్యాణదుర్గం
ఆ వారంలోనే

సువార్తను పుస్తకాలు సంచిలోంచి తీయమను. శనివారం వస్తున్నాను. మంచం ఒకటి చాలు, పరుపు తెస్తున్నాను. గదికి ఇవ్వాల్సిన బాకీకి నా గ్యాసు పొయ్యి ఇచ్చేసినాను, దాని గురించి ఎవరూ మాట్లాడొద్దు.

ఎలిజబెత్


బెంగుళూరు, పని షెడ్డు
ఫిబ్రవరి

ప్రియమైన వదినకు,

ఊరికి వస్తున్న ఓబుళేసు చేతికి ఈ జాబూ కొంచెం దుడ్లూ ఇస్తున్నాను. నల్లమ్మ ఫోనుకు చేసినప్పుడు మీ తమ్ముడు ఆఁ ఊఁ అని పెట్టేస్తాడు, నాకు మాట్లాడే వంతు రాదు.

మేమిద్దరం చాలా బాగున్నాం. పని పెద్ద కష్టం లేదు. షెడ్డు బాగుంది, రేకు కాస్త వేడి అంతే. మూడు పూటలా తింటున్నాం. రాత్రికి పొయ్యి ముట్టించే పని కూడా లేదు, పొద్దుటి ముద్దే చల్లగా బాగుంటుంది. ఇక్కడ ఎర్రగడ్డలు పెద్దవి, ఒకటి తెస్తే ఎన్ని పూటలకో వస్తుంది. తొందరగా పడుకుంటాం, కాబట్టి నిద్రకు లోటు లేదు. నేను కాస్త చిక్కినానని మీ తమ్ముడు అంటాడు గానీ అది ఎండకు.

పంపిన దుడ్లతో సువార్తకు పాలు పోయించు. గుడ్లు పెట్టు. నువ్వూ తిను. మా గురించి ఏం ఆలోచించొద్దు.

కృప


బోడిగుట్టపల్లి
మార్చి

కృపా,

సువార్త ఈ రోజు ఇంగ్లీషు పరీక్ష రాసి వచ్చింది. ఎట్లా రాసినావే అంటే "రాసినాలే అత్తా" అని చెప్పులు విడిచి నేరుగా అన్నం గిన్నె దగ్గరికి పోయింది. బాగా రాసిందనే అనుకుంటున్నాను. బాగా రాయని పిల్లకు అంత ఆకలి వేయదు. పొద్దున పరీక్షకు పోయేటప్పుడు పెట్టిన గుడ్డు వద్దంటే నిలబెట్టి తినిపించినాను. నేనూ తింటున్నాను. రెండు పూటలా, ఒక్కోరోజు మూడు. ఇది నిజం. కావాలంటే నల్లమ్మను అడుగు, రోజూ నా కంచంలోకి తొంగి చూస్తుంది.

ఇక నీ జాబు సంగతి. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా కెలకాల్సిన పని లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. నాకు నీ మొదటి వాక్యమే చాలింది. చాలా బాగున్నామంట. జూలై నుంచీ నాకు జాబులు రాస్తున్నావు, అన్నిట్లో సణిగినావు, ఏనాడూ చాలా బాగున్నామని రాయలేదు. చల్లటి ముద్ద, ఎన్ని పూటలకో వచ్చే ఎర్రగడ్డ, తొందరగా నిద్ర. ఈ జాబు నేను ఎరుగుదును కృపా. ఇది నేను రాసిన జాబే. నువ్వు చేతిరాత మాత్రం మార్చినావు.

రాసేటప్పుడు కడుపు ఎట్లా ఉంటుందో కూడా నాకు తెలుసు. అందుకే నిన్ను తిట్టలేకపోతున్నాను. తిట్టాలని కూర్చున్నాను, రావడం లేదు.

నువ్వు పంపిన దుడ్లలో సువార్త పాలకు తీసి మిగతాది దాచినాను. దానితో ఏం చేస్తానో విను. ఆఖరి పరీక్ష అయిన మరుసటి రోజు నేనూ పిల్లా బెంగుళూరు బస్సెక్కుతున్నాం. కర్ణాటక బస్సులో మనకు ఊరికే రానివ్వరని నాకు తెలుసు, టికెట్ కొంటాను. దుబారా అని నాకు చెప్పొద్దు. దుబారా ఏదో కాదో నీకు నేర్పింది నేను.

పిల్లను ఇటుకలు మోయడానికి తీసుకురావడం లేదు, ఆ భయం పెట్టుకోవద్దు. వారం ఉండి తిరిగి తీసుకుపోతాను. పిండి, కాయలు, ఎండుమిరపకాయలు తెస్తున్నాను. ఆ షెడ్డులో రాత్రి నేను పొయ్యి ముట్టిస్తాను. వేడి వేడిగా కెలుకుతాను, ఊరిబిండి నూరుతాను. చంద్రను ఒక పక్క, పిల్లను ఒక పక్క కూర్చోబెడతాను. నిన్ను నా ఎదురుగా.

కడుపు నిండా తిన్నానని నువ్వు రాస్తే ఇక నేను నమ్మను. నా కళ్ళ ముందు తిను.

నీ వదిన
ఎలిజబెత్